సగం నేసిన జాతర

"మీ బావ లేస్తలేడురా, జర రా" అని అక్క ఫోన్లో అన్నప్పుడే నాకు అర్థమైంది. కాశిబుగ్గలో వాళ్లింటికి చేరేసరికి ఇరుగుపొరుగు వాకిట్లో జంపఖానా పరిచి కూర్చున్నారు. నీలం మీద తెల్ల నెమళ్లున్న జంపఖానా. ఆ నమూనా గీసింది బావే. చావు ఇంటికి వచ్చినవాళ్లు ఎక్కడైనా కూర్చోవచ్చు, కాదనను. కానీ మా నేత సొసైటీ కార్యదర్శి వచ్చి సరిగ్గా ఒక నెమలి మెడ మీద కూర్చున్నప్పుడు నాకు కడుపు మండింది. ఆయన సంగతికి వస్తాను.

బావ మగ్గం నేసేవాడు కాదు. జంపఖానాలకు నమూనాలు గీసేవాడు. ముందు గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో, తర్వాత కంప్యూటర్ మీద. ఏ పెళ్లికి పోయినా పందిట్లో పరిచిన జంపఖానా అంచు ఎత్తి అడుగు చూసేవాడు. పైన కూర్చున్న వియ్యాలవారిని "జర లేవుండ్రి" అని లేపిన సందర్భాలున్నాయి. అక్క సిగ్గుతో తల పట్టుకునేది. "ముడులన్నీ అడుగునే దాస్తరు. పైన ఎవడైనా మంచోడే" అనేవాడు. ఈ మాట జంపఖానాల గురించే అన్నాడో, మా సొసైటీ గురించి అన్నాడో నేను అడగలేదు.

కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో హైదరాబాద్ పోయి నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చాడు. అట్టపెట్టెలో ఒక సీడీ. ఒక్కసారి కొన్నాడు, అంతే. మళ్లీ దాని కోసం ఎవరికీ ఏమీ ఇచ్చింది లేదు. దసరా నాడు కత్తెర, స్కేలు పక్కన ఆ పెట్టెను కూడా పెట్టి బొట్టు పెట్టేవాడు. కుంకుమ లోపలికి పోతే సీడీ పాడవుతుందని నేను వెక్కిరిస్తే, "పెట్టెకు పెట్టిన బొట్టు పెట్టె మీదనే ఉంటది బామ్మర్దీ. నీ లెక్క అన్నిట్ల ఏలు పెట్టదు" అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉండేది. సగం నమూనా గీసి అది నొక్కితే, అద్దంలో చూపినట్టు మిగతా సగం అదే వచ్చేస్తుంది. గీసేవాళ్లంతా అదే నొక్కేవారు. బావ ముట్టలేదు. ఎడమ నెమలి వేరు, కుడి నెమలి వేరు. "కూసున్నోనికి తెల్వకపోవచ్చు. గీసినోనికి తెలుస్తది గదా" అనేవాడు.

నాలుగేళ్ల కిందటి మాట. సొసైటీ వాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. కొనేది కాదు, చందా కట్టి వాడుకునేది. గీసినవి కూడా ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరే ఉంటాయి. ఇకమీదట నమూనాలన్నీ అందులోనే గీయాలని తీర్మానం చేశారు. నేను బావ ఇంటికి పోయి కొట్లాడినంత పని చేశాను. నా అలమారలో పుస్తకాలు నేను కొన్నవి, ఒక నెల కట్టలేదని ఎవడూ వచ్చి తాళం వేసుకుపోడు, నీ గీతలకు మాత్రం తాళం ఇంకొకడి చేతిలో ఎందుకని అడిగాను.

"నువ్వు ఆ అలమార తెరిచి ఎన్నొద్దులైంది? తాళమేసినా నీకు ఎర్కగాదు" అన్నాడు.

నవ్వాను. నవ్వి ఊరుకోవలసి వచ్చింది. ఎందుకంటే నిజంగానే ఆయనకు అది నచ్చింది. శుక్లాల ఆపరేషన్ తర్వాత పాత తెర మీద గళ్లు ఆయనకు సరిగా ఆనేవి కావు. కొత్తదానిలో ఒక్కో గడిని అరచేయంత చేసుకుని చూడవచ్చు. "మబ్బు తొలగినట్టున్నది" అని పిల్లాడిలా మురిసిపోయాడు. అయినా ఆ దసరాకు పూజలో మళ్లీ పాత పెట్టెనే పెట్టాడు. "దీనితోని పని చేస్తలేవు గదా" అని అక్క అడిగింది. "పని చేసేదానికి మొక్కుదామంటే అది మనింట్ల లేకపాయె" అన్నాడు. ఆ జవాబులో ఒక అనుమానం ఉందని నాకు ఇప్పుడనిపిస్తోంది.

ఆయన చివరి నమూనా మేడారం జాతర. పొడవాటి జంపఖానా. మొదటి సగంలో జనం జాతరకు పోతుంటారు, నెత్తిన అమ్మవార్లకిచ్చే మొక్కు బెల్లం, చంకన పిల్లలు. రెండో సగంలో తిరిగి వస్తుంటారు. ఏ ఇద్దరూ ఒకేలా ఉండరు. అది అమ్మడానికి కాదు, అక్క కోసం. మోకాళ్లు పోయాక ఆమె జాతరకు పోలేకపోయింది. "నువ్వు పోకుంటేంది, జాతరనే ఇంటికి తెస్త" అని మాటిచ్చాడు.

మా దగ్గర నమూనా మొదటి సగం కాగితం మీద అచ్చు తీసి ఇస్తే నేత మొదలవుతుంది. అది నేసేలోపు రెండో సగం అందుతుంది. అలాగే మొదటి సగం మగ్గం ఎక్కింది. ఆయనకు ఎప్పుడూ నేసిపెట్టే నేతగాడు, అందరూ పెద్దన్న అని పిలిచేవాడు, నేయడం మొదలుపెట్టాడు. బావ రెండో సగం కూడా గీసేశాడు, అచ్చు తీయడమే మిగిలింది. ఆ సమయంలోనే సొసైటీ ఎన్నికలొచ్చాయి. పాతవాళ్లు ఓడారు, కొత్తవాళ్లు గెలిచారు, మధ్యలో చందా గడువు దాటిపోయింది. తెర మూసుకుంది.

బావ కర్ర పట్టుకుని కొత్త కార్యదర్శి దగ్గరికి పోయాడు. "పాసువర్డ్ పాతోళ్ల దగ్గర ఉన్నది బాపూ. వాళ్లిస్తే రేపే కడతం" అన్నాడాయన. పాత అధ్యక్షుడి దగ్గరికి పోతే, "గెలిచినోళ్లు ఉన్నరు గదా, వాళ్లనే అడుగు" అన్నాడు. ఇద్దరి ఇళ్ల మధ్య ఒక వీధి. ఆ వీధిలో ఎన్నిసార్లు తిరిగాడో. ఇద్దరికీ డిగ్రీలున్నాయి, ఇద్దరూ సభల్లో నేతన్నల గురించి గొంతు పూడుకుపోయేట్టు మాట్లాడతారు. ఇద్దరూ పేపరు చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

చివరికి కంపెనీ నుంచి జవాబు వచ్చింది. గడువు దాటిన ఖాతాల్లో ఉన్నవి తీసేశామని, ఆ సంగతి ముందే తెలిపామని. తెలిపింది పాత అధ్యక్షుడి మెయిల్‌కు. ఆయన తెరిచి చూడలేదట.

మళ్లీ గీయమన్నాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు బొమ్మలు గీసి పక్కకు నెట్టాడు. "ఒకపాలి ఇంటికి తోలుకొచ్చినోళ్లను మళ్ల ఎక్కడికెళ్లి తోలుకొస్త బామ్మర్దీ. మొఖాలు యాదికొస్తలేవు" అన్నాడు. నేను చెప్పినట్టే జరిగింది. కానీ ఆ మాట ఆయన ముందు అనబుద్ధి కాలేదు. అనకపోయినా ఆయనకు వినబడినట్టే తల దించుకున్నాడు.

ఆ వాకిట్లో కార్యదర్శి నెమలి మీద కూర్చుని, "ఆయన గీసినయి ఎన్నటికీ మనతోనే ఉంటయి" అన్నాడు. "ఏడున్నయి, చూపియ్యి" అన్నాను నేను. లోపలి నుంచి అక్క, "శవం ముంగట పంచాయితీ పెట్టకురా" అంది. ఊరుకున్నాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఏడున్నయి?

కొన్ని ఉన్నాయి. పదకొండో రోజు అయ్యాక బావ గదిలో పాత కంప్యూటర్ పెట్టి చూశాను. చాలాసేపు మూలిగింది, తర్వాత తెరుచుకుంది. నీలం మీద తెల్ల నెమళ్లు వరసగా వచ్చాయి. పాసువర్డ్ అని, చందా అని నన్నేమీ అడగలేదు.

సాయంత్రం పెద్దన్న వచ్చాడు. మగ్గం ఖాళీ చేయాలి, ఇంకో పని ఎక్కించాలి, అడగడానికి మొహమాటపడుతున్నాడు. "ఒదినా, ఉన్న సగాన్నే తిరగేసి నేస్త. పోయినోళ్లే వచ్చినట్టుంటది. ఎవలకు తెలుస్తది?" అన్నాడు.

"పోయేటప్పుడు నెత్తిన బెల్లం ఉంటది పెద్దన్నా. వచ్చేటప్పుడు ఉండదు గదా" అంది అక్క. తర్వాత తనను మగ్గం దాకా తీసుకుపొమ్మంది. ఆమెను పట్టుకుని నడిపించాను.

ఉన్న సగాన్నే కోసి ఇవ్వమంటుందనుకున్నాం. ఆమె వంగి, నేసినంత మేర అరచేత్తో తడుముతూ పోయింది. నెత్తిన బెల్లంతో, చంకన పిల్లలతో జనమంతా ఒకే దిక్కుకు పోతున్నారు. చివరి వరసలో ఒక ముసలామె కాలు ఎత్తి ఉంది. ఆ కాలి ముందు నుంచి ఇంకా నేయని ఉత్త తెల్ల పడుగు నూలే ఉంది. అక్క చెయ్యి అక్కడ ఆగింది.