తుంపర పరీక్ష

రాధారాణికి వాన అంటే భయం లేదు, తుంపరంటేనే ఒళ్లుమంట. అమెరికాలో, అదీ బాతెల్‌లో కాపురముంటూ ఇలాంటి జబ్బు పెట్టుకోకూడదు మరి. అక్కడ ఏడాదిలో సగం రోజులు ఆకాశం గట్టిగా కురవదు, అలాగని మానదు.

ఆమె పెరిగింది థర్మల్ స్టేషన్ క్వార్టర్స్‌లో. ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికి బూడిద పూసుకునే చోటు అది. జోరున వాన పడితే కరెంటు స్తంభాల మీద తీగల్ని పట్టుకునే పింగాణీలు శుభ్రంగా కడిగినట్టయ్యేవి. సన్నగా తుంపర పడిందా, వాటి మీది బూడిద తడిసి, దాని గుండా కరెంటు పాకి చిటపటలాడేది, కాలనీ అంతా చీకటైపోయేది.

ఇప్పుడామె ఎలక్ట్రికల్ ఇంజినీరు. దగ్గర్లోని అగ్నిపర్వతం పేలితే కౌంటీలో, అంటే ఆ జిల్లాలో, ఏది నిలుస్తుందో ఏది కూలుతుందో తేల్చే టీమ్‌లో ఉంది. వంతెనలకీ సబ్‌స్టేషన్లకీ మ్యాప్ మీద ఎరుపో పచ్చో రంగు వేయాలి. టీమ్ లీడ్ డెన్నిస్ మంచివాడే గానీ, కంప్యూటర్ మోడల్ అతనికి ఇలవేల్పు. ఆ మోడల్‌కి తెలిసిందల్లా బూడిద మందం ఒక్కటే. లోయలో ఉన్న ఊరి నీళ్ల పంపులకి కరెంటిచ్చే సబ్‌స్టేషన్ మీద పల్చగానే పడుతుందని పచ్చరంగు వేసేసింది. పచ్చ అంటే ఢోకా లేదనే లెక్క, పంపులకి విడిగా జనరేటర్ ఇవ్వరు. కరెంటు పోయిందంటే ఆస్పత్రితో సహా ఊరంతటికీ చుక్క నీరుండదు.

“పచ్చ వద్దు డెన్నిస్, తుంపరకి అది ట్రిప్ అవుతుంది.”

“అంత పల్చటి బూడిదకా? సరే, ప్రూవ్ చెయ్యి. శుక్రవారం కౌంటీవాళ్లు లాబ్‌కి వస్తున్నారు,” అన్నాడతను.

శుక్రవారం పొద్దున్న రాధారాణి వంటింటి కిటికీలో ఉన్న స్ప్రే బాటిల్ తీసి బ్యాగ్‌లో వేసుకుంది. ఆర్నెల్లకని వచ్చిన తల్లి రాజేశ్వరమ్మ ఊరుకుంటుందా? “నా కరివేపాకు మొక్కకి నీళ్లెలా కొట్టనే?” అని కారు దాకా వెంటపడింది.

తీరా లాబ్‌కి వెళ్లాక, కోట్లు వేసుకున్న ఆ పెద్దమనుషుల ముందు మొక్కల బాటిల్ తీయడానికి సిగ్గేసింది. లాబ్‌వాళ్లు పింగాణీకి బూడిద పూసి, వాన పేరుతో పైపు పెట్టి జోరుగా నీళ్లు కొట్టారు. వోల్టేజ్ పెంచారు. ఏమీ కాలేదు. కౌంటీ తరఫున వచ్చిన ఆవిడ పచ్చరంగు ఖాయం చేయడానికి పెన్ను తీసింది.

అప్పుడు రాధారాణికి తిక్క రేగింది, సిగ్గు ఎగిరిపోయింది.

“ఆగండి! మీరు దానికి స్నానం చేయించారు. మీ ఊళ్లో వాన ఎప్పుడైనా అలా పడిందా?”

అందరూ తుంపరలో తడుస్తూ వచ్చినవాళ్లే కదా! ఇంకో పింగాణీకి బూడిద పూయించి, బాటిల్ తీసి, బూడిద జారిపోకుండా మెత్తబడేదాకా తానే సన్నగా కొట్టింది. అందరూ అద్దం వెనక్కి జరిగారు. వోల్టేజ్ పెంచుతుంటే చిటపట మొదలైంది. అంతలో నీలంగా మెరిసి ఢామ్మని పేలింది, సప్లై ట్రిప్ అయింది.

“చూశారా!” అని తెలుగులోనే అరిచేసింది రాధారాణి. ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. డెన్నిస్ వెళ్లి మ్యాప్ మీద పచ్చ చెరిపి ఎరుపు పెట్టాడు. కౌంటీ ఆవిడ పంపులకి జనరేటర్ అక్కడికక్కడే రాసుకుంది.

సాయంత్రం గుమ్మంలోనే తల్లి అడిగింది, “నా బాటిలేదే?”

“లాబ్‌వాళ్లు ఉంచేసుకున్నారమ్మా. ఇకపై టెస్టులన్నీ దాంతోనేట.”

“బాగానే ఉంది, మరి నా మొక్కో?”

రాధారాణి కుండీ ఎత్తుకెళ్లి బాల్కనీలో పెట్టింది. బయట తుంపర పడుతూనే ఉంది. మొక్క పక్కనే తనూ నిలబడి హాయిగా తడిసింది.