నక్షత్రాల ఓడలో ఇంజను మనిషి

ఇరవై ఆరేళ్ళు ఒక చోటు చూడాలని కోరుకున్న మనిషి, తీరా చూసే రోజు వచ్చినప్పుడు తన బదులు ఇంకొకణ్ణి ఎందుకు పంపుతాడు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వదలడం లేదు. ఆంజనప్పనే అడుగుదామంటే, పని మానిన ఆ వానాకాలంలోనే చిత్తూరు వైపు తన పల్లెలో పోయాడు. నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. వెళదాం, వెళదాం అనుకుంటూ ఉండగానే కబురు వచ్చింది.

ఆంజనప్ప మా బంగారు గనిలో వైండరు డ్రైవరు. షాఫ్టు అనే నిలువు బావి పక్కన ఇంజను ఇంట్లో కూర్చుని, పెద్ద డ్రమ్ముకు చుట్టిన ఇనుప తాడుతో మనుషుల్ని ఆరు వేల అడుగుల లోతుకు దించడం, మళ్ళీ పైకి తీయడం ఆయన పని. ఆ తాడు చివర వేలాడే ఇనుప పెట్టెను కేజీ అనేవాళ్ళు. కేజీ దగ్గరి మనిషి బెల్లు కొడతాడు, డ్రైవరు జవాబు బెల్లు కొడతాడు, ఆ తరవాతే తాడు కదులుతుంది. డ్రైవరుకు కేజీ కనిపించదు. అందులో ఎక్కినవాళ్ళూ కనిపించరు. ఎదురుగా లోతు చూపించే ముల్లు ఒకటి, డ్రమ్ము మీద తాను గీసుకున్న సుద్ద గీతలు కొన్ని. అంతే.

ఆ డ్రైవర్లకు ఒక కట్టు ఉండేది. తాడు పట్టేవాడు తాడెక్కకూడదు. లోతు ఒకసారి కళ్ళతో చూసినవాడికి మర్నాడు బ్రేకు మీద చెయ్యి వణుకుతుందని పాతవాళ్ళు చెప్పేవాళ్ళు. రూల్సు పుస్తకంలో ఈ మాట ఎక్కడా లేదు. గనులు సర్కారువి అయినప్పుడు చాలా రూల్సు మారాయి, పుస్తకంలో లేని ఈ కట్టు మాత్రం మారలేదు. అందుకే రోజుకు వందల మందిని కిందికి పంపిన ఆంజనప్ప ఒక్కసారైనా గనిలోకి దిగలేదు.

నేనప్పుడు మా గని ఊరు రాబర్ట్‌సన్‌పేటలో కార్మికుల చదువుల గదిలో పుస్తకాలిచ్చే ఉద్యోగంలో ఉన్నాను. ఆయన ఆ గదికి వచ్చేలా చేసింది ఒక ఇంగ్లీషు సినిమా. ఎనభై మూడో, ఎనభై నాలుగో. ఆకాశంలో నక్షత్రాల మధ్య తిరిగే యుద్ధపు ఓడ కథ. మాటలు అర్థం కాకపోయినా పేలుళ్ళు బాగున్నాయని ఊరంతా పోయింది. హాలువాళ్ళు కొత్త స్పీకర్లు పెట్టారు. మొదటి రోజు మ్యాట్నీలో శత్రువు ఓడ పగిలినప్పుడు నేల అదిరింది, బెంచీలు అదిరాయి.

మా ఊళ్ళో నేల అదిరితే మనసుకంటే ముందు కాళ్ళు కదులుతాయి. లోతున ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలితే పైన ఇళ్ళల్లో గ్లాసులు దొర్లేవి. దాన్ని ఎయిర్‌బ్లాస్టు అనేవాళ్ళం. హాల్లో ముందు ఆడవాళ్ళు లేచారు. రెండు నిమిషాల్లో కుర్చీలు ఖాళీ. బొమ్మ తెర మీద ఆడుతూనే ఉంది, జనం షాఫ్టు దారి పట్టారు. నేనూ పరిగెత్తాను. అక్కడ చక్రం రోజూలాగే మెల్లగా తిరుగుతోంది. కేజీ దగ్గరి మనిషి మమ్మల్ని చూసి, ఏమప్పా ఇంతమంది వచ్చినారు, ఎవురైనా మంత్రి దిగతాడా అని అడిగాడు. ఎవరికీ నవ్వు రాలేదు. కాసేపటికి ఒక ముసలమ్మ హాలువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాక అందరూ ఒక్కసారిగా నవ్వారు.

ఆ రోజు డ్యూటీ లేని ఆంజనప్ప అందరికంటే ముందు చేరి, డ్యూటీలో ఉన్న డ్రైవరు వెనక నిలబడి ఉన్నాడు. సినిమా సగంలో వదిలేశాడు కాబట్టి మర్నాడు మిగతాది చూడడానికి మళ్ళీ పోయాడు. మూడో రోజు చదువుల గది మెట్లెక్కి వచ్చాడు.

“బచ్చప్పా, నీకు ఇంగ్లీషు వస్తాది కదా. ఆ ఓడకి బ్రేకు యాడుండాది?”

నాకు తెలియదన్నాను. చదివి చెప్పమన్నాడు. ఉన్న రెండు మూడు సైన్సు పుస్తకాలు వారం రోజులు తిరగేశాను. అక్కడ గాలి లేదు, ఒరుసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఒకసారి కదిలింది ఆగదని, ఆగాలంటే ముందుకు ఎంత నెట్టారో వెనక్కీ అంతే నెట్టాలని ఆయనకు చెప్పాను. విని వేలితో బల్ల మీద ఒక గీత గీసి, సగంలో ఆపాడు. తరవాత, అట్లైతే సగం దారి పోయేదానికి, సగం దారి నిలిపేదానికి, మా పని లాగే ఉండాదే అన్నాడు. ఆ ముఖంలో సంతోషం నాకింకా గుర్తుంది, దూరదేశంలో చుట్టం దొరికినట్టు.

అప్పటినుంచి ఆదివారాలు మా గదిలో పాత పేపర్ల అంచుల మీద ఆ ఓడ బొమ్మ గీసేవాడు. సినిమాలో అందరికీ నచ్చిన ఘట్టం ఒకటి ఉంది. శత్రువు వెనక తరుముకొస్తుంటే కెప్టెను ఓడను ఉన్నచోట టక్కున నిలిపేస్తాడు. శత్రువు ముందుకు దూసుకుపోతాడు. వీళ్ళు వెనకనుంచి కొడతారు. హాలంతా ఈలలు. ఆంజనప్ప ఒప్పుకోలేదు. రాయిని లాగే వేగం వేరు, మనుషుల్ని దించే వేగం వేరని, ఆ వేగంలో అట్లా నిలిపితే లోపలివాళ్ళు ముందు గోడకు రొట్టెల్లా అంటుకుపోతారని అన్నాడు. ఒకసారి తన షిఫ్టులో కరెంటు పోయి బ్రేకు దానంతటదే పడిందట. అంత పొడుగు తాడు రబ్బరులా సాగి, కేజీ పైకీ కిందికీ ఊగిందట. మోకాళ్ళు పోయినవాళ్ళ పేర్లు ఆయనకు వరసగా గుర్తున్నాయి. ఆ కెప్టెను చేతిలో టీ కప్పు కూడా తొణకలేదే అని కోపగించుకున్నాడు.

ఇంకో తప్పు పట్టాడు. కెప్టెను నోట్లో మాట ఉండగానే ఓడ తిరిగిపోతుంది. జవాబు బెల్లు లేదు. జవాబు రాకుండా కదిలే బండిని నమ్మి మనుషులు ఎట్ల ఎక్కినారో అన్నాడు. ఆ యుద్ధంలో మెరిసే కిరణాలు నిజానికి పక్కనుంచి కనిపించవని నేను పుస్తకం చూసి చెప్పబోతే, సుమ్నే, ఊరికే ఉండప్పా, అది పిల్లోళ్ళ సంగతి అని కొట్టిపారేశాడు.

ఆయన పట్టుకున్నది వేరే. ఓడ అడుగున ఇంజను దగ్గర ఒక మనిషి ఉంటాడు. సినిమా మొత్తంలో రెండుసార్లే కనిపిస్తాడు. మొదటిసారి వీపు మాత్రమే. గోడ మీద ఎర్ర దీపం వెలిగితే పొడుగాటి పిడి లాగుతాడు, ఆరితే వదులుతాడు. నాకు ఆ మనిషి కనిపించనే లేదు. ఆంజనప్పతో రెండోసారి పోయినప్పుడు ఆయన నా మోచేయి నొక్కాడు.

“చూస్తివా? కిటికీ లేదు ఆయప్పకి.”

రెండోసారి చివరి యుద్ధంలో. కెప్టెను ఎందుకో ఆ మనిషిని పైకి పిలుస్తాడు. అతను వచ్చి పెద్ద అద్దం ముందు నిలబడతాడు. ముఖం మీద నక్షత్రాల వెలుగు పడుతుంది. అప్పుడే ఓడ ముక్కలైపోతుంది. శత్రువు కిరణం తగిలి పోయిందని ఊరంతా అనుకుంది, నేనూ అదే అనుకున్నాను. ఆంజనప్ప లెక్క అది కాదు. ఆ మనిషి సీటు వదిలి పైకొచ్చాక ఇంజను దగ్గర ఎవరున్నారు? వేరేవాళ్ళు ఉండొచ్చు కదా అన్నాను. చూపించలేదే అన్నాడు. ఎవరైనా ఉన్నారేమో వెతకడానికే ఆరుసార్లు చూశాడు.

ఆయన భార్య నరసమ్మ ఒక ఆదివారం ఆయన్ని వెతుక్కుంటూ మా గదికి వచ్చింది.

“నిజం చెప్పు బచ్చప్పా, ఆ సినిమాలో ఎవురైనా ఆడమనిషుండాదా? ఈయప్ప ఆరు తూర్లు పోయినాడు.”

ఇంజను దగ్గర నిలబడే మగమనిషి కోసం పోతున్నాడని చెప్పాను. ఆమె నమ్మకం కుదరనట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆడమనిషైతే ఎట్లో మాన్పించి ఉందును, వీపు చూసేదానికి పోయేవాణ్ణి ఏం చేసేది అంది. ఆంజనప్ప పేపరు మీదినుంచి తల ఎత్తలేదు.

ఆరోసారి చూసి వస్తున్నప్పుడు రాబర్ట్‌సన్‌పేట బజారు దాటాక ఆయన నడక నెమ్మదించింది. పని మానడానికి నాలుగు నెలలే ఉన్నాయి అప్పటికి. తనకు లోతు అంటే సుద్ద గీతలేనని, తన చేతి మీదుగా దిగినవాళ్ళు ఎక్కడ కాలు పెడతారో, ఆ చోటు ఎట్లా ఉంటుందో తెలియకుండానే ఇరవై ఆరేళ్ళు పోయాయని చెప్పాడు. ఇంట్లో అన్నం తింటున్నప్పుడు కూడా కింద ఎట్లుంటుందో అనే ఉంటుందట. గనివాళ్ళను అడిగితే, ఏముంది, ఉడుకు, చీకటి అంటారట.

“ఒక్కసారి చూడాలప్పా. చూస్తే చాలు. ఇంగేమీ వద్దు.”

ఇంత అడిగిన మనిషికి నేను చేయగలిగింది ఒకటుంది. గని పెద్ద ఇంజనీరు ఒకాయన మా గదినుంచి నవలలు తీసుకుపోయేవాడు. ఆయనతో మాట్లాడి ఇద్దరికి పాసు రాయించాను. ఆంజనప్ప ఆఖరి షిఫ్టు రోజుకే కుదిరింది. ఇక మర్నాటికి చెయ్యి వణికినా పర్వాలేదు కాబట్టి పాత కట్టు కూడా అడ్డం రాదు. షిఫ్టు రెండింటికి ముగుస్తుంది. ఒంటి గంటకే ఆయన దగ్గర పని నేర్చుకున్న ఓబలప్ప వచ్చి సీట్లో కూర్చోవాలని, మేమిద్దరం దిగి గంటన్నరలో పైకి రావాలని ఏర్పాటు. పాసు చేతిలో పెట్టినప్పుడు ఆంజనప్ప దాన్ని చాలాసేపు చూసి, తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు.

ఆ రోజు ఒంటి గంటకు ఇంజను ఇంటికి పోయాను. ఓబలప్ప అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. టోపీలు, దీపాలు రెండు తెచ్చాను. తాడు నిలిచి ఉంది. ఆంజనప్ప సీట్లోనే ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, దిగడానికే. నేను టోపీ అందించాను. దాన్ని తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“లేయన్నా, నేను దించుతా. మెల్లగానే దించుతా” అన్నాడు ఓబలప్ప.

“నీ చెయ్యి మంచిదేరా” అన్నాడు ఆంజనప్ప. టోపీ నాకు తిరిగి ఇచ్చాడు.

“నువ్వు పో బచ్చప్పా. చదివినోడివి. బాగా చూసి చెప్పు. నేనీడుంటా.”

నాలుగు నెలలుగా అడిగింది మీరు కదా అన్నాను. ఇంత కష్టపడి పాసు తెచ్చాను కదా అని కూడా అన్నాను, ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చెయ్యి అప్పటికే పిడి మీదికి పోయింది. పిడి మీద చెయ్యి ఉన్న డ్రైవరుతో ఎవరూ మాట్లాడకూడదు. నేను బయటికి వచ్చేశాను.

కేజీలో ఎక్కాను. మూడు బెల్లు కొట్టారు, మనుషులున్నారని. జవాబు వచ్చింది. కదిలింది ఎప్పుడో నాకు తెలియలేదు. కళ్ళ ముందు గోడ పైకి పోతుంటే కదిలామని తెలిసింది.

కింద ఏం చూశానో రాయడం ఇప్పటికీ కష్టం. ఆయనకు చెప్పాలి కదా అని ఒక్కొక్కటీ మనసులో పేర్చుకుంటూ నడిచాను. వేడి ముఖానికి తగలదు, ఊపిరిలోకి వస్తుంది. గోడలకు చెమట. పట్టాలు చీకట్లోకి వంగిపోతాయి. కేజీ దిగేచోట రాతిగూటిలో పటం, దాని ముందు కుంకుమ. ఒక పక్కన నలుగురు రాగిముద్ద తింటున్నారు. వాళ్ళలో పెద్దవాడు, గోపాలప్ప అని రాయికి రంధ్రాలు వేసే డ్రిల్లరు, నన్ను కూర్చోమన్నాడు. పైన ఈ పూట ఎవరు అని మాటవరసకు అడిగాను. ఆయన ముద్ద మింగి, ఆంజనప్ప కదా అన్నాడు. ఎట్లా తెలుసన్నాను.

“నిలిపేది తెలుస్తాది కదప్పా. పాదాల కాడ నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదు. మొగం నేనెప్పుడూ చూడలా. చెయ్యి మాత్రం తెలుసు. ఆయప్ప షిఫ్టంటే మా ఇంటిది ధైర్యంగా ఉంటాది.”

మిగతావాళ్ళు తల ఊపారు. అందులో ఒకడు, ఆయప్ప లేని రోజు కేజీలో కమ్మీ పట్టుకుంటాం అన్నాడు. ఇంతసేపూ నేను పేర్చుకున్న వేడీ, చెమటా, పట్టాలూ ఎందుకూ పనికిరానివని అప్పుడు తెలిసింది. ఆయనకు మోసుకుపోవాల్సింది ఇదే. మర్చిపోకూడదని గోపాలప్ప మాటను ఉన్నదున్నట్టు రెండుసార్లు నోట్లో చెప్పుకున్నాను.

ఆ గంటన్నర ఏర్పాటు కుదరలేదు. పైకి తీయాల్సిన రాయి ఎక్కువగా ఉందని కేజీ ఆలస్యమైంది. పైకి వచ్చేసరికి మూడు దాటింది. ఆగేటప్పుడు కేజీ చిన్నగా కుదిపింది, నేను కమ్మీ పట్టుకున్నాను.

ఇంజను ఇంట్లో ఓబలప్ప ఉన్నాడు. డ్రమ్ము తిరుగుతోంది కాబట్టి మాట్లాడకుండా గోడ పక్కన నిలబడ్డాను. తాడు నిలిచాక అడిగాను.

“రెండుకి లేచినాడన్నా. చేతులు గుడ్డకి తుడుచుకొని పోయినాడు.”

నాకేమైనా చెప్పమన్నాడా అన్నాను.

“లేదన్నా. నాక్కూడా ఏం చెప్పలా.”

ఆంజనప్ప, నరసమ్మ గనివాళ్ళ ఇళ్ళ లైన్లోని ఇల్లు ఖాళీ చేసి ఆ సాయంకాలం బండికి పోతారని నాకు తెలుసు. చదువుల గదికి వచ్చి చెప్పి పోతాడనుకున్నాను. గని దుమ్ముతోనే లైనుకు పోయాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. పక్కింటామె, వాళ్ళు అప్పుడే పోయినారే, నరసమ్మ అందరికీ చెప్పి పోయింది, ఆయప్ప ముందే నడుచుకుంటా పోయినాడు అంది. మారికుప్పం స్టేషనుకు పరిగెత్తాను. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టేసరికి బండి కదిలింది. మూడో పెట్టెలో కిటికీ పక్కన నరసమ్మ కనిపించింది. నన్ను చూసి చెయ్యెత్తింది, పక్కకు తిరిగి ఆయన భుజం తట్టింది. ఆంజనప్ప ఇటు తిరగలేదు. బండి వేగం అందుకుంది, గోపాలప్ప మాట నా నోట్లో ఉండగానే ప్లాట్‌ఫారం దాటి పోయింది.