ఆరో సీసా

పెరియనాయగి ముక్కును కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో అందరూ నమ్మేవారు. పుల్లల తలలకు అంటించే మందు కాస్త ఎక్కువ కాగినా, జిగురు పులిసినా, రెండు వరసల అవతల కూర్చున్న ఆమె తలెత్తేది. అది చూసి మేస్త్రీ పరిగెత్తేవాడు. పందొమ్మిదేళ్లుగా అదే పని. పిల్లలు లేరు. భర్త కుమారసామి పోయి ఆరేళ్లయింది.

ఆయన పోయిననాడు తలలో పూలు తీసేశారు. అందరికీ చేసేదే కదా అనుకుంది. తర్వాత పౌడరు వద్దన్నారు. ఆపైన వాసన సబ్బూ వద్దన్నారు. భర్తకు అన్న వెళ్ళైసామి పుదూరు దగ్గర నల్లరేగడి నేలలో మిరప పండించే ఆసామి. వచ్చినప్పుడల్లా ఆ బావగారు ఇంకో వద్దు చెప్పి పోయేవాడు. ఆమె తల ఊపేది.

రెండువేల ఒకటి ఎండాకాలంలో, ఫ్యాక్టరీలో పక్కన కూర్చునే కార్తీశ్వరి ఏదో పూసుకుని పనికి వచ్చింది. విరుదునగర్‌లో ఒక ఫ్యాన్సీ షాపుకు కొత్త సెంట్లు ఆరు రకాలు వచ్చాయనీ, అడిగితే చేతి మీద కొట్టి చూపిస్తారనీ చెప్పింది. ఆదివారం పెరియనాయగి ఒక్కతే బస్సెక్కింది.

షాపు యజమాని పాండీశ్వరన్ ఆమె బోసి నుదురు చూసి, "కూతురికా అమ్మా?" అని తమిళంలో అడిగాడు.

"నాకే," అంది ఆమె, తమిళంలోనే.

అతను గులాబీ సీసా ముందుకు జరిపాడు. "ఇది బాగా పోతోంది."

"ఆరూ చూపించండి."

ఎడమ చేతి మీద మూడు చోట్ల, కుడి చేతి మీద మూడు చోట్ల కొట్టించుకుంది. గులాబీ సర్బత్తులా ఉంది. మల్లె అనేది తలనూనెను గుర్తుచేసింది. మూడోది నిమ్మతొక్క గిల్లినట్టు కళ్లకెక్కింది. నాలుగోది ఊదుబత్తి, అయిదోది చంటిపిల్లల పౌడరు. ఆరోదానికి ఆమెకు పోలిక దొరకలేదు.

"ఏది కట్టమంటారు?"

"ఆరనివ్వండి. తడి మీద ఏ మందు సంగతీ తెలీదు."

పాండీశ్వరన్ విసుక్కుంటూనే గుమ్మం పక్కన ఒక స్టూలు వేశాడు. ఆమె చేతులు రెండూ మోకాళ్ల మీద పరుచుకుని అరగంట కూర్చుంది. దారినపోయేవాళ్లు వింతగా చూశారు. చూడనీ అనుకుంది. మల్లె ముక్కిపోయిన నూనె అయింది. నిమ్మ ఎటు పోయిందో పోయింది. గులాబీ, ఊదుబత్తి ఆరినాక ఒకటే అయ్యాయి.

"రెండు పేర్లు, రెండు ధరలు. లోపలిది ఒకటే సరుకు," అంది.

పాండీశ్వరన్ తన చేతి మీద రెండూ కొట్టుకుని, ఆరేదాకా ఊదుకుని, వాసన చూసి, గులాబీ సీసా వెనక్కి జరిపాడు.

ఆరోది మాత్రం నిలిచింది. మొదట చేదుగా ఉన్నది ఇప్పుడు మెత్తబడి చర్మంలో కలిసింది. అది పుట్టింటి వాసన కాదు, అత్తింటిది కాదు, గుడిదీ ఫ్యాక్టరీదీ కాదు. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఆమెకు వద్దనలేదు.

అప్పుడే వీధిలో వెళ్ళైసామి ఆగాడు. కూతురు ఆర్తి పెళ్లి పత్రికలు అచ్చువేయించుకుని, కట్ట చంకలో పెట్టుకుని వెళుతున్నాడు.

"ఏమమ్మా నాయగీ, ఈడ ఏమి సేస్తా ఉండావు?"

"సెంటు సూస్తా ఉండాను బావా."

"ఎవురికి?"

"నాకే."

షాపువాడికి అర్థం కాకూడదని ఆయన ఇంటిమాట తెలుగులోనే, గొంతు తగ్గించి అన్నాడు: "మొగుడు పోయినదానికి సెంటు ఏమిటికి? ఎవురు వాసన సూడాల?"

ఆమె స్టూలు మీద నుంచి లేచింది. షాపంతా వినేలా, ఈసారి తమిళంలో జవాబిచ్చింది. "నాకు ముక్కుంది. నేనే చూసుకుంటాను."

కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఇటు తిరిగారు. వెళ్ళైసామి ముఖం కందిపోయింది. "ఆ వాసనతో పెండ్లికి ఒస్తే పందిట్లో అడుగు పెట్టగూడదు, సెప్తా ఉండాను."

పెరియనాయగి చెయ్యి చాచింది. "పత్రిక ఇయ్యి బావా. పిలువకుండా వొదిలిపెడితే సొందక్కారులు, మన సుట్టాలంతా, నిన్నే అడుగుతారు. ఒస్తాను. ఇదే పూసుకొని ఒస్తాను."

అందరూ చూస్తున్నారు. తమ్ముడి పెళ్లానికి పత్రిక ఇవ్వననడం ఆయనకు చేతకాలేదు. కట్టలోంచి ఒకటి లాగి ఆమె చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఆమె ఆరో సీసా కొనుక్కుంది.

పెళ్లినాడు పుదూరులో బస్సు దిగేసరికి తిరిగి పోదామా అనిపించింది. పోలేదు. పందిరి ముందు చేతులు జోడించి అందరినీ ఆహ్వానిస్తున్న వెళ్ళైసామి ఆమెను చూసి చేతులు దించేశాడు. ఆమే దండం పెట్టింది. "పెండ్లి బాగా జరగాల బావా," అంటూ ఆయన పక్కనుంచే లోపలికి నడిచి ముందు వరస చాప మీద కూర్చుంది.

పక్కనున్న ఇద్దరు ముత్తయిదువలు చెంగులు లాక్కుని దూరం జరిగారు. ఖాళీ అయిన ఆ చోటులోకి, వెనక గోడవారగా కూర్చున్న ముసలి వితంతువు సెల్లత్తాయి మెల్లగా వచ్చి కూలబడింది.

"ఏమి వాసన పిల్లా ఇది?"

"పేరు తెలీదు అవ్వా."

"బాగుండాది," అని ముసలమ్మ కాళ్లు చాపుకుంది. తాళి కట్టడం ఇద్దరూ అక్కడినుంచే చూశారు. లేవమని చెప్పడానికి ఎవరూ రాలేదు.

వెళ్ళైసామి మూడేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు. బస్టాండులో ఎప్పుడైనా ఎదురుపడితే ఆయనే పక్కకు తప్పుకునేవాడు.