వేడిగా ఉన్న గంట

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నా పిల్లల మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు.

హోసూరులో మాది చిన్న పాలిష్ షెడ్డు. మోటారుకు గుడ్డ చక్రం బిగించి, దానికి మైనం పట్టించి, ఇత్తడి, స్టీలు సామాన్లకు మెరుపు తెస్తాం. పని నేర్పింది మా మామ, మా ఆయన తండ్రి. ఆయన పోయి ఏడాది. ఇత్తడికి చక్రం వేరు, స్టీలుకు చక్రం వేరు, కలిపితే వస్తువు చెడుతుందనేవాడు. ఇంకో చాదస్తం కూడా ఉండేది. ఏ ఇత్తడి వస్తువుకైనా అడుగున బొటనవేలంత చోటు పాలిష్ పెట్టకుండా వదిలేసేవాడు. ఎందుకు మామా అంటే, "దాని వయసు దానికి ఉండనీలేమ్మా" అనేవాడు. ఆయన అటు తిరగ్గానే నేను ఆ చోటు కూడా మెరిపించేసేదాన్ని.

ఆ రోజు బేరిగై నుంచి గుడి గంట వచ్చింది. తెల్లారితే కట్టాలి. మా ఆయన మునిరత్నం కృష్ణగిరికి వెళుతూ, తాను వచ్చాక చేస్తానన్నాడు. నేను వింటానా? నా చేతులేమన్నా అరిగిపోయాయా అని పంపేశాను.

రాత్రి తొమ్మిదికి మోటారు వేశాను. గంటను ఆనించగానే గుయ్య్... అని పలికింది. భలే హుషారు వచ్చింది. చుట్టూ పట్టించి, దీపం కింద చూసుకున్నాను... గంట ఒళ్లంతా గీతలే. సాయంత్రం బిందెలకు వాడిన స్టీలు చక్రం అలాగే ఉంది. మార్చడం మరిచాను. పొద్దున్నే ఊరివాళ్లకు ఏ మొహం చూపించాలి? మామ సంపాదించిన పేరు నా చేతుల్లో పోయిందని ఏడ్చేశాను.

అంతలో కరెంటు పోయింది. షట్టరు దించి, తాళం వేసి, వెనక వీధిలోని ఇంటికి వెళ్లాను. టార్చి వెతికేసరికి అరగంట పట్టింది. తిరిగి వచ్చేసరికి...

లోపల మోటారు తిరుగుతోంది.

వీధిలో ఒక్క దీపం లేదు. లోపల మాత్రం ర్ర్ర్... మధ్యలో గుయ్య్... కాస్త ఆగి, మళ్లీ గుయ్య్... ఎవరో తీరిగ్గా గంటను తిప్పి తిప్పి ఆనిస్తున్నట్టు. తాళంచెవి చూస్తే నా బొడ్లోనే ఉంది. దండకం మొదలుపెడితే రెండో ముక్క గుర్తు రాలేదు.

శబ్దం ఆగింది. షట్టరు ఎత్తాను. చక్రం నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా... తిరిగి ఆగింది. అది ఇత్తడికి వాడే చక్రం. గంట గోనెసంచి మీద ఉంది. ముట్టుకుంటే చురుక్కుమంది. అప్పుడే చక్రం మీంచి దించినంత వేడి. ఒక్క గీత లేదు. తిరగేశాను. అంచు లోపల బొటనవేలంత చోటు... నల్లగా. ఆ చోటు జోలికి మాత్రం నేను పోలేదు.

పదకొండుకు మునిరత్నం వచ్చాడు. విని ఒకటే నవ్వు. "బయంలో నువ్వే చేసి మర్చిపోయినావు, పో" అన్నాడు. కరెంటు లేకుండా ఎలా చేశానంటే మళ్లీ నవ్వు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మామే వచ్చాడా అనుకుంటే, అక్కడే ఏడు స్టీలు బిందెలు మిగిలి ఉన్నాయి. కోడలి మీద అంత ప్రేమే ఉంటే అవి కూడా చేసి పోవచ్చు కదా, ఒక్కటీ ముట్టలేదేం అని ఆ రాత్రే మునిరత్నాన్ని అడిగాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. బిందెల వైపు చూసి మెల్లగా అన్నాడు.

"మా నాయన బతికినన్నాళ్లు స్టీలు యాడ ముట్టినాడు?"