మేనత్త బుట్టలో సముద్రపు ఇసక

మా మేనత్త పోయిందన్న కబురు నాకు అనంతగిరి సంతలో అందింది. వ్యానులోంచి అల్లం బస్తాలు దింపుతున్నాను. మా కొండల్లో ఫోను మోగాలంటే సిగ్నల్‌కి దయ కలగాలి. ఆ పూట కలిగింది. "పొద్దున చోడంబలి తాగింది, అరుగు మీద కూకుంది, అలాగే ఒరిగిపోయింది" అని మా ఆవిడ చెప్పింది. బస్తా భుజం మీద ఉండగానే విన్నాను. దాన్ని దించాలని కాసేపు తోచలేదు. చుట్టూ బేరాలు నడుస్తూనే ఉన్నాయి. ఎవరో "ఏటయ్యా, అల్లం అమ్మడానికొచ్చినావా, మొయ్యడానికొచ్చినావా?" అన్నారు. అత్త పక్కనుంటే ఆ మాటకి కడుపు పట్టుకుని నవ్వేది.

ఆవిడ మా నాన్నకి అక్క. పెళ్లైన కొన్నేళ్లకే మామ పోయాడు. పిల్లల్లేరు. మా ఇంటిని ఆనుకునే ఆవిడ ఇల్లు. నన్ను అల్లుడా అనే పిలిచేది. "నాకు కూతురుంటే మటుకు నీకిచ్చేదాన్ని కాదు, ఘాట్ రోడ్డు మీద నువ్వు బండి తోలడం సూసినాక" అని పదిమందిలో అనేది. అని మళ్లీ నా వ్యాను ముందు సీట్లోనే కూర్చునేది. కాళ్లు పైకి మడుచుకుని, చీర కొంగున ఒక అల్లం ముక్క ముడేసుకుని. మలుపుల్లో కడుపు తిప్పకుండా అది బుగ్గన పెట్టుకునేది. నాకూ ఒక ముక్క ఇచ్చేది. డ్రైవరుకెందుకే అంటే, "నీకు కడుపు తిరిగితే మనందరం తిరుగుతాం" అనేది.

ఇవన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. నేను మీకు చెప్పాలనుకున్నది ఒక్క బుట్ట గురించి.

కొన్నేళ్ల కిందట పెద్ద తుఫాను వచ్చింది. కొండమీద మాకూ దెబ్బ తగిలింది. కాఫీ తోటల్లో నీడకి పెంచిన చెట్లు పడిపోయాయి, కొన్ని ఇళ్ల రేకులు లేచిపోయాయి. రోడ్డు మీద పడ్డ చెట్లు నరికి దారి చేసుకున్నాక, సంతలో టీ కొట్టు టీవీలో సముద్రం ఒడ్డు ఊళ్లని చూపించారు. అత్త టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మనకి రేకులు పోయినాయి. ఆళ్లకి గోడలే పోయినాయిరా" అంది. మర్నాడు గడప గడపకీ తిరిగింది. దేవుళ్లని కొలిచే ఇళ్లు, చర్చికెళ్లే ఇళ్లు అన్న తేడా లేకుండా అందరూ ఇచ్చారు. చోళ్లు, సామలు, గుమ్మడికాయలు, అన్నం వడ్డించడానికి అడ్డాకులు, పొయ్యి మీది అటకలో దాచుకున్న ఎండు పుల్లలు.

పేచీ వచ్చింది సర్దే దగ్గర. సంచుల్లో వేస్తే ఎక్కువ పడతాయని నేను, బుట్టల్లోనే పెట్టాలని ఆవిడ. ఏ ఇంటి తిండి ఆ ఇంటివాళ్లు అల్లిన బుట్టలోనే వెళ్లాలట. "సంచీ ఇస్తే అక్కడితో సరి. బుట్టిస్తే మళ్లీ రావాల" అంది. మాలో ఒక పద్ధతి ఉంది. చుట్టాలింటికి బుట్ట నిండా ఏదైనా పట్టుకెళ్తే ఆ బుట్ట ఒట్టిది తిరిగి రాకూడదు. పిడికెడు గింజలో, ఒక కాయో, ఏదీ లేకపోతే ఒక పువ్వో వేసి పంపుతారు. కూడు పోయినవాళ్ల దగ్గరికి వెళ్తూ ఈ పట్టింపేమిటే అని అరిచాను. నా అరుపులకి భయపడే మనిషి కాదు. బుట్టలే ఎక్కాయి.

ఎస్.కోట మీదుగా కిందికి దిగి, భీమిలి దాటి, ఒడ్డునున్న ఒక చిన్న ఊరు చేరాం. అప్పటికే రెండు లారీలు సరుకు పంచేసి వెనక్కి తిరుగుతున్నాయి. వాళ్లూ పాపం ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లే. నీళ్ల ప్యాకెట్లు, బ్రెడ్డు, దుప్పట్లు ఇచ్చారు. జనం వరసలో నిలబడి తీసుకున్నారు. మా బుట్టలు దించాక మాత్రం ఒక్కళ్లూ ముందుకి రాలేదు. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

చివరికి ఒకావిడ వచ్చింది. అత్తకంటే కాస్త చిన్నది. పడవ విరిగింది, వలలు కొట్టుకుపోయాయి, ఇంటికి ఒక్క గోడ మిగిలింది. ఆ గోడకే తడి చీరలు ఆరేసుకుంది. బుట్టల్ని చూసి, "ఏటమ్మా ఇది? లారీవోళ్లు పంచినారు, అందరితో పాటు తీసుకున్నాం. మీరు సుట్టాల్లాగ బుట్టల్తో తెచ్చినారు. తిరిగి ఏటెయ్యమంటారు? మా కాడ ఏటీ నేదు. అట్టుకెళ్లిపోండి" అంది. కోపంగా అనలేదు.

"సంచుల్లో వేద్దామంటే విన్నావా?" అని నేను అత్త చెవి కొరికాను. అత్త మొహం అంతలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ బుట్టలు నిండుగా వెనక్కి వెళ్తే, ఇచ్చిన ప్రతి గడప దగ్గరా ఆగి మీ తిండి వద్దన్నారని చెప్పాలి. తిండి వద్దంటే మాలో మనిషినే వద్దన్నట్టు. అత్త మాటమీద నమ్మకంతో అటకలు ఖాళీ చేసుకున్నారు అందరూ.

అత్త వెళ్లి ఆ గోడ పక్కన ఇసకలో చతికిలబడింది. గుప్పెడు ఇసక తీసి అరచేతిలో పోసుకుని చూసింది.

"ఒదినా, నీకాడ ఇసకుంది కదా?"

"ఇసకేటి సేసుకుంటావు?"

"మాది అల్లం పండే ఊరు. ఇత్తనం అల్లం ఇసకలో దాయాల. మా కొండమీద మట్టే గానీ ఇసక నేదు. నీకు పున్నెం ఉంటాది, మా బుట్టల్లో ఇంత ఎయ్యి."

ఇంత పచ్చి అబద్ధం మా అత్త నోట నేను మళ్లీ వినలేదు. మా ఊరి దిగువన పారే గెడ్డ నిండా ఇసకే. పైగా ఉప్పు ఇసకలో పెడితే విత్తనం చచ్చూరుకుంటుంది. ఆ విషయం మా ఊళ్లో పాకే పిల్లకి కూడా తెలుసు. నేను నోరు తెరవబోతే అత్త నా వైపు ఒక్క చూపు చూసింది. మూసుకున్నాను.

ఆవిడ అత్తని తేరిపార చూసింది. అబద్ధమని ఆవిడకీ తెలిసిపోయిందనే నా అనుమానం. "ఇసకే కావాలా? అదైతే సముద్రమంత ఉంది" అని నవ్వేసింది. వెనక నిలబడ్డ ఆడవాళ్లూ నవ్వారు. ఆ తర్వాత బుట్టలు ఖాళీ చేయడానికి ఎంతోసేపు పట్టలేదు. మా ఎండు పుల్లలతో అక్కడికక్కడే పొయ్యి వెలిగించారు, గుమ్మడికాయ కోశారు. మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. ఆ గుమ్మడి పులుసు అడ్డాకులో పోస్తే కారిపోతూ ఉంటే, ఊదుకుంటూ తిన్నాం. ఈలోగా పిల్లలు బుట్టల్లో ఇసక దట్టించేశారు.

ఆ బరువుతో ఘాట్ ఎక్కడం ఎంత నరకమో నా వ్యాన్ని అడగాలి. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆపి లైటు వేసి చూశారు. "కిందికి తిండి అట్టుకెళ్లి పైకి ఇసక తెత్తన్నారా? దీనికి పర్మిషనుందా?" అని అక్కడి గార్డు మొహం గంభీరంగా పెట్టాడు. అత్త బుగ్గనున్న అల్లం పక్కకి నెట్టి, "మా సుట్టాలు పెట్టినారు బాబూ, ఒద్దంటే బాగోదు" అంది. ఆయన కాసేపు ఆలోచించి గేటు ఎత్తేశాడు.

ఇంటింటికీ ఎవరి బుట్ట వాళ్లకి ఇచ్చింది. అత్త తన వాటా ఇసకని ఇంటి మూల పోసి, తాగేనీళ్ల కుండ దానిమీద పెట్టుకుంది. రోజూ పొద్దున్నే ఆ ఇసక మీద చెంబెడు నీళ్లు చిలకరించేది. ఎండాకాలం ఆ ఇంట్లో నీళ్లంత చల్లగా ఎక్కడా ఉండేవి కావు. ఇసకలో చిన్న చిన్న గవ్వలు బయటపడితే పిల్లలు ఏరుకుపోతారని పైకి తిట్టేది, వాళ్లొచ్చే వేళకి తనే నాలుగు పైకి తీసి పెట్టేది.

అత్త బుట్టల్లో ఒకటి మాత్రం ఆ ఒడ్డునే ఉండిపోయింది. మరిచిపోయాం అనుకున్నాను. మరిచిపోవడం మా అత్త లెక్కలో లేదు. చలికాలం రాగానే ఇసక ఇచ్చిన ఆ సముద్రపు అత్త రైలెక్కి మా దగ్గరి టైడా స్టేషనులో దిగింది, ఆ బుట్ట నిండా ఎండు చేపలతో. వెళ్లేటప్పుడు అదే బుట్టలో అల్లం, గుమ్మడికాయ. అప్పట్నుంచి ఆ బుట్ట కొండ ఎక్కుతూ దిగుతూనే ఉంది. అంచు ఊడితే ఇక్కడ వెదురు బద్దలతో కట్టాం, అడుగు ఊడితే అక్కడ వలతాడుతో కుట్టారు. ఇద్దరూ ఒదినా అంటే ఒదినా అనుకునేవారు. నన్ను మాత్రం ఆ సముద్రపు అత్త "డ్రైవరు బాబూ" అనే పిలిచేది. డ్రైవరునే కదా, సర్దుకున్నాను.

అత్త దినానికి ఆవిడ వచ్చింది. చావింటికి చేపలు తేకూడదని చేతులూపుకుంటూ వచ్చింది. ఏడవాల్సినంత ఏడిచింది, అందరితో పాటు భోజనం చేసింది. బయల్దేరేముందు ఇల్లంతా కలియజూసి, "బుట్ట ఇక్కడే ఉండాల" అంది. ఉంది. దండెం పక్కన తగిలించి ఉంది. ఒట్టిది. అత్త ఇంట్లో ఉన్న గింజా కాయా అంతా ఆ పూట భోజనాలకే ఊడ్చేశాం. ఇన్నేళ్ల నడక నా చేతిలో ఆగిపోతుందనిపించింది. "ఉండు, మా ఇంట్లోంచి తెస్తాను" అని లేచాను.

"ఒద్దు. ఈ ఇంట్లోదే ఎయ్యాల" అందావిడ.

"ఈ ఇంట్లో ఏమీ లేదు."

ఆవిడ మూలకి చూసింది. "ఇసక నేదేటి?"

ఇద్దరం కుండ ఎత్తి పక్కన పెట్టాం. అడుగున ఇసక తడిగా, నల్లగా, కుండ ఆకారానికి గుంటపడి ఉంది. ఆవిడ దోసిళ్లతో తీసి బుట్టలో వేసుకుంది. అడుగున గుప్పెడు వదిలేసి, "ఇది ఉండనీ, కుండ కదలకుండా" అంది. కుండ దాని చోట పెట్టేశాం. ఇప్పుడా కుండలో మా ఆవిడ నీళ్లు పోస్తోంది.

బుట్ట ఎత్తుకుని ఆవిడ వ్యాను ముందు సీట్లో కూర్చుంది, కాళ్లు పైకి మడుచుకుని. నేను అల్లం ముక్క ఇస్తే బుగ్గన పెట్టుకుంది. "బేగి తోలు అల్లుడా, రైలెల్లిపోద్ది" అంది.

ఆ పిలుపుకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మలుపులు కదా, మెల్లగానే తోలాను. టైడాలో రైలు ఇంకా రాలేదు. ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది. బద్దల సందుల్లోంచి అత్త కుండ నీళ్లు చుక్క చుక్కగా ఆవిడ భుజం మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

బుట్ట ఇప్పుడు వాళ్ల దగ్గరుంది.