పంజరంలో ఎముక

మహబూబాబాద్ స్టేషన్ దగ్గర పెద్దవంగర వెళ్లే ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న ముసలావిడ ఒళ్లో లవ్‌బర్డ్స్ పంజరం ఉంది. లోపల వేలాడుతున్న తెల్లటి బిళ్లను రెండు పిట్టలూ ముక్కులతో గీకుతున్నాయి.

"సముద్రం నురుగట బిడ్డా. ఎండితే గిట్ల గట్టిపడ్డదట" అంది.

మాది సముద్రం ఒడ్డునున్న బందరు అని చెప్పాను. తెలిసిన సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. అది నురుగు కాదు, కటిల్‌ఫిష్ అనే జీవి ఎముక. దానికి మూడు గుండెలు, నీలం నెత్తురు. ఏ నేల మీదుంటే ఆ రంగులోకి మారిపోతుంది. చచ్చాక కూడా కాసేపు ఒంటి మీద రంగులు కదులుతూనే ఉంటాయి.

"సచ్చినంక గూడనా?"

అవునన్నాను. ఆవిడ పత్తిచేను పక్కన ఆటో ఆపించి, ఎముకను విప్పి, గట్టు మీద చిన్న గుంట తీసి అందులో పెట్టింది.

"రా బిడ్డా. గీడ దాని ఊరోడివి నువ్వొక్కనివే ఉన్నవు. మన్ను నువ్వే ఎయ్యాలె."

నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. మా రేవులో వీటిని గంపలకొద్దీ కోస్తారు. ఒక్కదానికీ ఎవరూ మన్ను వేయలేదు. నేను పిడికెడు వేశాను.

"ఎనుకకు సూడకుండ రా" అంది.

చూడలేదు. ఆటో కదిలాక పంజరంలోని పిట్టలు రెండూ అరుపు మానేసి, వెనక్కి తిరిగి, ఆ గట్టువైపే చూస్తూ కూర్చున్నాయి.