ఉప్పు చెప్పే మనిషి

మా తోటికోడలు రాజరాజేశ్వరి అక్కకి ఏడుపు రాదని ధవళేశ్వరం బజారు వీధి అంతా చెప్పుకుంది. బావగారు పోయిన రోజున ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టి అందరూ ఘొల్లుమంటుంటే, ఆవిడ మాత్రం లేచి లోపలికి వెళ్లి, పొయ్యి మీద పాలు దించి, గ్యాస్ కట్టేసి, మళ్లీ వచ్చి కూర్చుందట. కంట్లో చెమ్మ లేదట. పదకొండో రోజునా అంతేనట. ఇవన్నీ నేను తర్వాత విన్నవే. అప్పటికి నేను నిండు నెలలతో ఉప్పాడలో మా పుట్టింట్లో ఉన్నాను. కడుపుతో ఉన్నది చావింటికి వెళ్లకూడదని మా అమ్మ నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

ఆవిడ గురించి చెప్పాలంటే వంటింట్లోంచే మొదలుపెట్టాలి. కోరుకొండ నుంచి పదిహేడో ఏట కోడలిగా వచ్చింది. పిల్లల్లేరు. వాళ్లాయన మల్లేశ్వరరావు గారు, ఆయన తమ్ముడు శివరామకృష్ణ, అంటే మా ఆయన, ఇద్దరూ వీధి వైపు గదుల్లో కిరాణా కొట్టు చూసుకునేవారు. వెనక వైపు ఇల్లు. మా అత్తగారు సంపూర్ణమ్మ గారిది మహా పట్టింపు. వండేటప్పుడు రుచి చూడడం మా ఇంట్లో లేదు. దేవుడికి నైవేద్యం పెట్టక ముందే ఓ చుక్క నాలుక మీద వేసుకున్నామంటే వంటంతా ఎంగిలి కిందే లెక్క. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? వాసనతో తెలుసుకోవాలి! కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ మాట విని నాకు నవ్వాగలేదు. ఉప్పుకి వాసనేంటండీ, నా మొహం! కానీ అక్కకి తెలిసేది. పప్పు కుతకుతలాడుతుంటే మొహం వంచి, ఆవిరి తగలనిచ్చి, "ఇంకో నాలుగు పలుకులు పడాలి" అనేది. అంతే పడేది. నాకు మాత్రం ఎన్నేళ్లొచ్చినా అబ్బలేదు.

దానికి తోడు ఇంకో అలవాటు కూడా ఉండేది. వడ్డన అయ్యాక మొదటి ముద్ద బావగారు తినాలి. తిని ఉప్పు చెప్పాలి. ఆయన చెప్పేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టేవారు కాదు. అక్క గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నించునేది. ఆయన కాస్త నమిలి, "రాజేశ్వరీ, ఒక పలుకు తక్కువ" అనేవారు. లేకపోతే "ఇవాళ ఒక పలుకు ఎక్కువ" అనేవారు. బావుందన్న మాట ఆ నోట వచ్చిన పాపాన పోలేదు. ఆవిడేమన్నా తక్కువ తిన్నదా? "మీ నాలుకే ఓ పలుకు ఎక్కువ. తినండి" అనేది. మా అందరి ముందూ ఆ మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునే మాటలు అవే. చెప్పొద్దూ, నాకు అసూయగా ఉండేది. మా ఆయన ఏది పెట్టినా తలొంచుకుని తినేసి కొట్లోకి పోయే రకం.

శివరాత్రి వెళ్లాక పాపని తీసుకుని తిరిగొచ్చాను. అక్క ఎదురొచ్చి దిష్టి తీసింది. పాపని ఎత్తుకుంది. నవ్వింది కూడా. కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. మనిషి బాగా చిక్కింది. అడిగిన దానికి జవాబు చెప్తుంది, చెప్పిన పని చేస్తుంది. ఆవిడంతట ఆవిడ ఒక్క మాట ఎత్తదు.

మొదటి రోజు భోజనంలో పప్పు నోట్లో పెట్టుకున్నాను కదా, అందులో ఉప్పన్నదే లేదు. చప్పిడి. తలెత్తి చూస్తే అత్తగారు మాట్లాడకుండా కలుపుకుంటున్నారు. మా ఆయన అప్పటికే తినేసి లేచి వెళ్లారు. బాలింతనని నాకు పథ్యం పెట్టారేమో అనుకుని ఊరుకున్నాను. మర్నాడు చారు నోట్లో పెట్టుకుంటే ఉప్పాడ సముద్రమే గుర్తొచ్చింది. ఆ రోజూ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అత్తగారు చారు పక్కకి నెట్టేసి, గ్లాసుడు మజ్జిగ పోయించుకున్నారు.

గదిలోకి వెళ్లగానే మా ఆయన్ని పట్టుకున్నాను.

"ఏంటండీ ఆ వంట? మీ నాలుకలేమైనా చచ్చిపోయాయా?"

"మెల్లగా మాట్లాడు. వదినకి మనసు బాలేదు. ఆవిణ్ని ఏమీ అనకూడదని అమ్మా నేనూ అనుకున్నాం. అన్నయ్య కార్యక్రమాలయ్యాక ఆవిడ పొయ్యి దగ్గరికెళ్లిన రోజు నుంచీ ఇలాగే ఉంది."

"అంటే నాలుగు నెలల నుంచీ ఇదే తింటున్నారా? మీరైనా ఉప్పు చెప్పొచ్చు కదా!"

"అది అన్నయ్య మాటే. నేనెలా చెప్తాను?" అని ఆయన అటు తిరిగారు. "గురువారం హరిబాబు వస్తున్నాడు. వదినని కోరుకొండ తీసుకెళ్తాడు" అన్నారు.

హరిబాబు అక్కకి సొంత తమ్ముడు. "ఎన్నాళ్లకి?" అని అడిగాను. ఆయన కొట్లోకి పోబోయారు. నేను వదల్లేదు.

"అమ్మ అంటోంది... వంట కూడా సరిగ్గా చెయ్యలేకపోతోంది, ఇక్కడుంటే అన్నయ్యే గుర్తొస్తాడు, తమ్ముడి దగ్గరుంటే తేరుకుంటుందని."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లల్లేని ఆడది మొగుడు పోయాక పెట్టె సర్దుకుని తమ్ముడి ఇంటికి వెళ్తే, ఆ వెళ్లడం ఏ వెళ్లడమో లోకానికి తెలియదా? అక్కడ మరదలికి తన వంటిల్లు తనకుంది. ఈవిడ వసారాలో చాప మీద కూర్చుని, వాళ్లు పెట్టినప్పుడు తినాలి. ఇరవై రెండేళ్లు ఈ ఇంటికి వండిపెట్టిన మనిషి! ఇంతా చేసి వంట బాలేదన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తీర్పు ఇచ్చేశారు. జాలి పేరు చెప్పి ఎంత పని చేశారో చూడండి.

బుధవారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అడిగాను. "అక్కా, నీకు వెళ్లాలనుందా?"

"వెళ్లమంటే వెళ్తాను."

"వాళ్ల మాట కాదు. నీకేమనిపిస్తోంది?"

తడి చీర దులిపి తీగ మీద వేసి, కొసలు సరిచేసి అప్పుడంది. "ఏమీ అనిపించట్లేదు పావనీ. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడు, ఒళ్లంతా అలా ఉంది. ఇక్కడే ఉండాలనుంది. ఈ ఇల్లు తప్ప నాకేం తెలుసు? కానీ ఉంటానని నోరు తెరిచి అడగాలంటే ఓపిక లేదు." అంత నిదానంగా చెప్పింది ఆ మాట. నేనే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను, ఆవిడ ఇంకో బట్ట తీసుకుంది.

గురువారం పొద్దున్నే హరిబాబు దిగాడు. చిన్నప్పటి నుంచీ అతనికి చిలగడదుంప పప్పుపులుసంటే ప్రాణమట. అక్క అదే మొదలుపెట్టింది. గోదావరి లంకల్లోంచి వచ్చిన ఎర్ర దుంపలు, శివరాత్రికి తెచ్చినవి, బుట్టలో ఇంకా ఉన్నాయి. మట్టి పోయేదాకా కడిగి, తొక్క తీసి, చక్రాల్లా కోసి నీళ్లలో వేసింది. కందిపప్పు కుక్కర్లో పెట్టింది. చింతపండు నానేసి పిసికింది. పాపకి పాలిస్తూ గుమ్మం దగ్గర కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. ఆ చేతులకి ఏదీ మర్చిపోవడమన్నది లేదు. పులుసులో దుంప ముక్కలు మరీ మెత్తబడకుండా చూసి, అప్పుడు మెదిపిన పప్పు పోసింది. పచ్చిమిరపకాయలు చీల్చి వేసింది. పసుపు, కరివేపాకు, నిమ్మకాయంత బెల్లం పడ్డాయి. ఇంగువ పోపు చుయ్యిమనేసరికి పాప ఉలిక్కిపడింది. దాన్ని జోకొడుతుంటే అక్క ఉప్పు వేసింది, ఎంత వేసిందో నేను చూడలేదు. ఇల్లంతా కమ్మటి వాసన. ఇంత పద్ధతిగా వండే మనిషి ఉప్పు దగ్గర ఎందుకు తప్పుతోందో నాకు అంతుపట్టలేదు. చివర్లో మొహం వంచి ఆవిరి తగలనిచ్చింది. ఓ క్షణం అలాగే ఉండి మూత పెట్టేసింది. హమ్మయ్య, ఇవాళ సరిగ్గానే ఉందన్నమాట అనుకున్నాను.

నైవేద్యమయ్యాక చుట్టం వచ్చాడని అరిటాకులు వేశాం. హరిబాబు, మా ఆయన, అత్తగారు కూర్చున్నారు. అక్క సామాను పెట్టె అప్పటికే వీధి గదిలోకి చేరింది. హరిబాబు పులుసు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగిపోయింది. గుటకేసి, నీళ్లు తాగి, "బావుందక్కా" అన్నాడు. అత్తగారు మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. మా ఆయన సరే సరి, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు.

అప్పుడు అక్క వైపు చూశాను. వడ్డన అయిపోయినా లోపలికి వెళ్లలేదు. గరిటె పట్టుకుని గుమ్మంలోనే నించుంది. తమ్ముడి మొహం చూసింది, మరిది మొహం చూసింది, అత్తగారి మొహం చూసింది. ఎవరి నోరు కదులుతుందా అని చూస్తోంది.

ఇక నావల్ల కాలేదు. గిన్నెలోంచి ఇంత పులుసు అరచేతిలో వేసుకుని నాకాను.

"రామ రామ! ఏంటక్కా ఇది! ఉప్పు కషాయం! గొడ్డు కూడా ముట్టదు!"

"పావనీ!" అత్తగారు గద్దించారు. "చుట్టం ముందు ఏంటా మాటలు? నోర్ముయ్!"

"నోర్మూసుకునే కదండీ ఇంతదాకా తెచ్చారు! నాలుగు నెలల పాటు ఒక్కళ్లూ ఒక్క మాట అనరు. వంట బాలేదని ఇప్పుడు పెట్టె బయట పెడతారు. ఇదేం న్యాయమండీ అత్తయ్యగారూ? ఆవిడకి చెప్తే సరిచేసుకోదా?" సముద్రం హోరు మధ్య పెరిగినదాన్ని, నా గొంతు చిన్నది కాదు. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి ఉంటారు.

"నాకు తెలుసు పావనీ" అంది అక్క.

నేను అరచెయ్యి కొంగుకి తుడుచుకుని ఆవిడ వైపు తిరిగాను.

"ఉప్పు ఎక్కువని తెలుసు. వాసన తెలియకపోవడమేంటి? తెలిసే వేశాను." గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "ఆయన కార్యక్రమాలయ్యాక వంట చేసిన మొదటి రోజు నిజంగానే మర్చిపోయాను. చప్పిడి పప్పు వడ్డించి ఇక్కడే నించున్నాను. అందరూ తినేశారు. చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఇక లేరని. వాకిట్లో పడుకోబెట్టినప్పుడు కూడా తెలియలేదు."

హరిబాబు చేతిలో ముద్ద ఆకులో వదిలేశాడు.

"మర్నాడు ఎక్కువ వేశాను. ఎవరో ఒకరు అంటారనుకున్నా. తిట్టినా బావుండేది. ఎవరూ ఏమీ అనలేదు. అలా రోజూ ఎక్కువో తక్కువో చేస్తూ వచ్చాను. ఏం వండినా మాట్లాడకుండా తింటున్నారంటే ఆయనతో పాటు నేనూ పోయానేమో, మీకెవరికీ కనబడట్లేదేమో అనుకున్నా."

మా ఆయన చెయ్యి ఆకులోనే ఉంది. తలెత్తకుండానే, "ఎక్కువైంది వదినా" అన్నారు. "చాలా ఎక్కువైంది. ఇన్నాళ్లూ ఒక్క రోజు కూడా సరిగ్గా లేదు."

"మరి చెప్పడానికేం కృష్ణా?"

"అన్నయ్య అనే మాట నేనంటే..." ఇంక రాలేదు ఆయనకి. పదేళ్ల కాపురంలో ఆ మనిషి ఏడవడం నేను అదే చూడడం.

హరిబాబు ఎంగిలి చేత్తోనే లేచాడు. ఏం చెయ్యాలో తోచక అక్క దగ్గరికీ వెళ్లలేక, అలా నించుండిపోయాడు.

"హరిబాబూ" అన్నారు అత్తగారు. "ఆ పెట్టె లోపల పెట్టెయ్ నాయనా. నా కోడలు ఎక్కడికీ రాదు. నువ్వు వచ్చి చూసి వెళ్తుండు, నీకేం అడ్డం లేదు."

అక్క ఆ మాట విన్నదో లేదో. గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది. గరిటె గచ్చు మీద పెట్టింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత లోపలి నుంచి ఓ శబ్దం వచ్చింది. అది ఆవిడ గొంతని ముందు నాకు తెలియలేదు. "ఏమండీ" అంది ఒక్కసారి. ఆ పైన మాటల్లేవు, ఏడుపే. వీధిలోకి వినబడేలా, ఊపిరాడనట్టు ఏడ్చింది. ఊయల్లో పాప కూడా లేచి అందుకుంది.

నేను పరిగెత్తి అక్కని పట్టుకోబోతే అత్తగారు నా చీర కొంగు పట్టుకుని ఆపారు.

"ఏడవనీ" అన్నారు. "ఇవాళ పోయాడమ్మా మా పెద్దాడు."